నాణేల లెక్క

వాల్దివియాలో వాన ఎప్పుడొస్తుందని ఎవరూ అడగరు.
ఎప్పుడాగుతుందనే.

నా గది నేలమాళిగలో. అక్కడికి చినుకు చప్పుడు కూడా రాదు.
తెర మీద ఆమె పొత్తికడుపు,
మూడు మిల్లీమీటర్లకో పొర.
ప్రతి పొరలో పేగు చుట్టూ గీత గీయడం నా ఉద్యోగం.
ఎముక చెప్పిన మాట వింటుంది.
పేగు వినదు.
సోమవారం గీసిన చోట మంగళవారం ఉండదు.

గీతలన్నీ కలిపితే ఒక వంపు,
వంపు చివర ఒక అంకె:
వందలో ముప్పై ఎనిమిది.
మూడోవారంలో మొదలవచ్చు.

సెన్యోరా ఓర్తెన్సియా నాన్కుపిల్
ఏటి ఒడ్డు సంతలో పొగబెట్టిన చేపలమ్ముతుంది.
అంకె విని అంది:
"వందమంది గొడవ నాకెందుకమ్మాయ్.
నా బల్ల నుంచి మరుగుదొడ్డికి నూటనలభై అడుగులు.
వెళ్ళిన ప్రతిసారీ ఐదొందల పెసోల బిళ్ళ.
ఎన్ని బిళ్ళలు దాచుకోను?
అది చెప్పు."

గ్రేలు తెలుసు నాకు, ఘన సెంటీమీటర్లు తెలుసు.
ఈ కొలత ఏ పాఠంలోనూ లేదు.
రాత్రంతా కూర్చుని
అరవై, అన్నాను. పోనీ డెబ్బై.

కాఫీ సీసాలో డెబ్బై బిళ్ళలు పోసుకుంది.
రోజూ కడుపునిండా నీళ్ళు తాగి,
ఉగ్గబట్టుకుని, యంత్రం కింద పడుకోబోతూ
లెక్క అప్పజెప్పేది.
నిన్న ఒకటి. నిన్న ఒకటి.
రెండోవారం గురువారం: నాలుగు.
నా వంపు కన్నా ముందే.
తర్వాత ఆరు, ఏడు, మళ్ళీ ఏడు.
ఆమె పరుగెత్తి వచ్చేలోపు
సముద్రసింహం ఒకటి బల్ల మీది చేపను లాక్కుపోయిందట.
"దానికి కలిసొచ్చింది నా జబ్బు."

నాలుగోవారం: రెండు.
ఒకటి.
సున్నా.

పొంగిపోయాను.
పేగు తేరుకుందని రాసి, వంపు సరిదిద్ది,
పెద్ద డాక్టరుకి చూపించాను కూడా.
తూకం మాత్రం మూడు కిలోలు తగ్గింది.
రెండు అంకెలూ ఎడమొహం పెడమొహం.

అడిగితే నవ్వింది.
"అదా. తలుపు దగ్గర కూర్చునే నెల్దా
నా దగ్గర డబ్బు పుచ్చుకోవడం మానేసింది.
దూరం నుంచి నన్ను చూసే తలుపు తీసి పెడుతుంది.
కాగితం చుట్ట కూడా నాకంటూ వేరే దాచింది."
మరి రోజుకెన్ని సార్లు?
"ఎవరు లెక్కపెట్టారు!"

నా పట్టికలో ఆ సున్నా ఉంది,
దయకు గడి లేదు.

శనివారం తడుస్తూ సంతకి వెళ్ళాను.
నెల్దా ఊలు అల్లుతోంది. తలెత్తకుండానే చెప్పింది:
బుధవారం తొమ్మిది. గురువారం తొమ్మిది.
నిన్న ఎనిమిది. ఇవాళ ఇప్పటికి రెండు,
రెండోసారి పరుగు లేదు, నడిచే వచ్చింది.
తడిసిన కాగితం మీద రాసుకుంటూ
అక్కడే నిలబడిపోయాను.

నెల్దా నన్ను కిందినుంచి పైదాకా చూసి
చెయ్యి చాపింది.
"లోపలికా? ఐదొందలు."