తల లైటు

ఇజీనారం గంటస్తంభం దగ్గర బోర్డు మీద
అది శాండిలియర్.
ఓనరు సన్నాసిరావుకి జూమరు.
బిల్లులో మాత్రం
"తల లైట్లు, ఎనిమిది."

ఎనిమిదో తల ఎర్నమ్మది.
పాత చీర చుట్టకుదురు, పైన ఇనప చట్రం,
గలగలమనే ప్లాస్టిక్ చుక్కలు,
వీపు వెంట జనరేటరు బండి దాకా వైరు.
మెడ తిప్పిందా,
మిగతా ఏడుగురూ చీకటైపోతారు.

కోట మలుపులో బేండు ఆగింది.
పెళ్ళివారి ముసలాయన పైకి చూపించి
రాజుల్నాడు ఇలాంటివి
కప్పుకి వేలాడేవన్నాడు.
"కప్పుకి కూలెవులిత్తారు బాబూ?"
నవ్వింది, తల కదపకుండా.

రాత్రి రెండింటికి దించేసినా
మెడ ఇంకా మోస్తోంది.
నూనె రాస్తూ కూతురడిగింది,
షాండ్లియర్ అంటే ఏటమ్మా,
రేపు బళ్ళో అర్థం రాయాలి.

"ఇక్కడ నొక్కే," అంది.
"అక్కడ కాదు. కుడేపు."