ఇతరములు

దుక్మ్‌లో డ్రైడాక్ పక్కన, మా పోర్టా క్యాబిన్ గోడకు
ఒక పెద్ద టీవీ.
అందులో సినిమాలు రావు.
ఏ పని ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు పట్టింది,
పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుగా
రాత్రీ పగలూ నడుస్తుంటుంది.
దానికి మేత వేసేది నేను.

మొగిలి ట్యాబ్ మీద వేలు పెడితే మొదలు,
మళ్ళీ పెడితే ముగింపు.
గ్లౌజు తీస్తేనే ఆ అద్దం మాట వింటుంది.
తీసి, తొడిగి, తీసి, తొడిగి
రోజుకు పదకొండు నిమిషాలు.
ఒకసారి ఊరికే లెక్కేశాను.
ఆ పదకొండుకు పట్టీ లేదు.

జూలైలో ఒక గ్రీకు ఓడ వచ్చింది, పొట్టంతా గుల్లలతో.
చుక్కాని వెనక ఆరు గజాల రేకుకు ప్రైమర్ కొట్టాలి.
అంచనా: నలభై నిమిషాలు.
పట్టింది: పదకొండు గంటల ఇరవై.
ఆదివారం మస్కట్ నుంచి ఫోను:
"నలుగురు మనుషులు, పదకొండు గంటలు, ఏం చేశారయ్యా?"

కూర్చున్నారు.
సముద్రం మీంచి ఖరీఫ్ పొగమంచు లేచి డాకు నిండా దిగితే
ఓడ కింద, బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నారు.
తిల్ బహదూర్ అరగంటకోసారి లేచి
మీటరు ఆనించి, తల అడ్డంగా ఊపి వచ్చాడు.
మొగిలి అరచేత్తో రేకును తడిమి
"ఇనుముకు చెమట వట్టింది సార్, ఆరనియ్యాలె" అన్నాడు.

ఆలస్యానికి కారణం ఎంచుకోమంటుంది తెర:
సామాను లేదు. మనిషి లేడు. యంత్రం చెడింది. ఇతరములు.
చెమట పట్టిన ఇనుము ఎందులోకి వస్తుంది?
గాలికి క్రేన్ చెయ్యి దించేసిన మధ్యాహ్నం?
గేటు దగ్గర తన చుట్టాల ఒంటె రోడ్డుకడ్డంగా పడుకుంటే
సలీమ్ అల్ జునైబీ ఎవర్నీ హారన్ కొట్టనివ్వక
బండి దిగి, దాన్ని పేరు పెట్టి పిలిచి లేపిన పావుగంట?
మొఫిజుల్‌కి గేజి చదవడం నేర్పుతూ
మొగిలి ఒకే కొలత మూడుసార్లు తీయించిన పూట?
దాని పుణ్యమా అని తర్వాతి నెలంతా పట్టీలు పచ్చబడ్డాయి,
ఆ పూట మాత్రం ఎర్రగానే ఉండిపోయింది.

ఇక పచ్చ సంగతి.
టాస్క్ రెండు వందల తొంభై ఒకటి.
అంచనా నలభై, పట్టింది ఇరవై ఆరు.
తెర మీద నక్షత్రం కూడా మెరిసింది.
ఓడ కదిలే తేదీ మెడ మీదికొచ్చిందని
"కొట్టేయండి, నేను చూసుకుంటా" అన్నది నేనే.
మొగిలి నా మొహం ఒకసారి, రేకు ఒకసారి చూసి
గన్ అందుకున్నాడు.
నాలుగో రోజుకు బొబ్బలు.
గోకి, మళ్ళీ ఇసుక కొట్టి, మళ్ళీ పూసిన రెండు రోజులూ
కొత్త నంబర్లతో కొత్త టాస్కులయ్యాయి.
ఇరవై ఆరు చెక్కుచెదరలేదు.
నక్షత్రం నా పేరు మీదే ఉంది.

సగటు ఎక్కువున్న ఆరుగురి పట్టిక
మస్కట్ అడిగింది. తెర ఇచ్చింది.
మెయిలు పంపిన వేలు నాది.
సెప్టెంబరులో మొగిలి వీసా ముగిసింది, మళ్ళీ రాయలేదు.
వెళ్ళేనాడు క్యాబిన్ తలుపు దగ్గర నిలబడి
"ట్యాబ్ ఛార్జింగుల వెట్టిన సార్" అన్నాడు.
అంతే.

టాస్క్ మూడు వందల పద్దెనిమిది అతను మూయలేదు.
ఏదో టగ్గు బోటు, లంగరు గొలుసు కొలిచే పని.
మరిచాడో, గ్లౌజు తీయబుద్ధి కాలేదో.
బోటు ఎప్పుడో వెళ్ళిపోయింది, లంగరుతో సహా.
తెర మీద మాత్రం
మొగిలి ఇంకా కొలుస్తూనే ఉన్నాడు:
పంతొమ్మిది వందల నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.
పదమూడు.

ఆదివారం ఫోను వస్తుంది:
"మీ సగటెందుకిలా ఉంది? ఆ ఒక్కటీ మూసెయ్."

మూయాలంటే కారణం ఎంచుకోవాలి.
నాలుగే ఉన్నాయి.
రెండోదాని దాకా వెళ్ళి
వేలు తీసేస్తాను.