నలభయ్యో నిమిషం

సుభానీ సీపీయూని గోనెసంచిలో చుట్టి
స్కూటీ ముందు, కాళ్ళ మధ్య నిలబెట్టుకుని తెచ్చాడు,
నిద్రపోయిన పిల్లాణ్ణి తెచ్చినట్టు.
అరండల్‌పేట నాలుగో లైను, మేడ మెట్ల కింద నా కొట్టు.
మార్చి. గుంటూరంతా కళ్ళు మండే నెల.

"నలభై నిమిషాలన్నా. కరెక్టుగా నలభై.
లారీ ఘాట్ ఎక్కుద్ది, మంచు మొదలవుద్ది,
అప్పుడు చెట్లు సాగుతయ్,
జంతికల గొట్టంలోంచి పిండి దిగినట్టు, కాకపోతే పైకి.
రోడ్డు మీద ఊదారంగు గళ్ళు పడతయ్, లుంగీ ఆరేసినట్టు.
ఆ తర్వాత అంతా బిగుసుకుపోద్ది.
హారన్ మాత్రం మోగతానే ఉంటది."

డ్రైవర్ పీకేశాను, పాత వేరు మిగలకుండా.
కొత్తది ఎక్కించాను. నలభై నిమిషాలు.
గేమ్ ఫైళ్ళన్నీ లెక్కపెట్టించాను, ఒక్కటీ తక్కువ లేదు.
షేడర్ క్యాష్ తుడిచాను.
నీడలు తీసేశాను. లారీ కింద నేల పోయినట్టయింది,
గాల్లో తేలుతూ నడిచింది పాపం,
అయినా అదే మలుపు దగ్గర చచ్చింది.
ర్యామ్ ఊడదీసి బంగారు పళ్ళకి రబ్బరు రుద్దాను,
మా అమ్మాయి పెన్సిల్ డబ్బాలోంచి దొంగిలించిన రబ్బరు.
రెండు రోజులు.
సుభానీ సాయంత్రమయ్యేసరికి యార్డు నుంచి నేరుగా వచ్చి
స్టూలు మీద కూర్చుని
తన లారీ చావు తనే చూసి పోయేవాడు.

కాటా దగ్గర పని అతనిది.
పొద్దున్నుంచి టిక్కీలు ఎత్తడం, దించడం, అంకె కేకెయ్యడం.
మూతబడ్డ నెట్ సెంటర్లో ఏడు వేలకి కొన్న డబ్బా ఇది.
వాళ్ళింట్లో మంచు చూసినవాళ్ళు లేరు,
ఫ్రిజ్జులోది తప్ప.

మూడో రోజు వేడి అంకెని స్క్రీన్ మూలన పెట్టాను.
అరవై ఎనిమిది. ఎనభై. ఘాట్ రోడ్డు.
తొంభై ఒకటి. స్క్రీన్ మీద మంచు కురుస్తోంది,
డబ్బాలో కార్డు ఉడుకుతోంది.
తొంభై ఏడు. చెట్లు సాగాయి.

సిగ్గేసింది. పదిహేనేళ్ళ అనుభవం.
పక్క తలుపు తీశాను గానీ
కార్డు ఫ్యాన్ల వెనక్కి తొంగిచూడలేదు.
నాలుగు స్క్రూలు. ఫ్యాన్లు లేచాయి.
కింద రేకుల సందుల్లో,
బూడిదరంగు ఉండాల్సిన చోట,
ఎర్రగా, మెత్తగా, చాపలా పేరుకుని ఉంది.
ఊదాను.
ఊదకూడదని ఊదాక తెలిసింది.

ఇద్దరం పది నిమిషాలు తుమ్మాం.
పక్క జిరాక్సు కొట్టు హైమావతి వచ్చి
"ఏం తిరగమోత పెట్టారయ్యా" అని తిట్టబోయి
తుమ్ముకుంటూ పోయింది.

కళ్ళు తుడుచుకుని సుభానీ
ఆ దుమ్ము చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి
వాసన చూశాడు, బేరానికి ముందు చూసినట్టు.
"తేజ" అన్నాడు. "కొంచెం తాలు కలిసింది.
నా చొక్కా అన్నా ఇది.
రోజూ ఇంటికెళ్ళగానే విప్పి దీని మీదే వేస్తా గదా."
నవ్వబోతే దగ్గొచ్చింది అతనికి.
ఆ దగ్గు రెండు రోజులుగా నా కొట్లోనే ఉంది,
నేను విన్నది అప్పుడే.

కార్డుకైతే బ్రష్షుంది, పేస్టుంది,
బియ్యపు గింజంత పెట్టి బిగిస్తే చాలు.

తొమ్మిదిన్నర. షట్టరు సగం దించాం.
ముప్పై ఎనిమిదో నిమిషం. ముప్పై తొమ్మిది.
డెబ్భై రెండు దగ్గర ఆగింది వేడి.
చెట్లు చెట్లలాగే నిలబడ్డాయి.
లారీ మలుపు తిరిగింది.

తిరిగాక ఏముందో సుభానీకి తెలీదు.
నాలుగు నెలల్లో ఒక్కసారీ చూడలేదు.
స్పీడు తగ్గించాడు.
ఓ వంతెన వచ్చింది, కింద గడ్డకట్టిన ఏరు,
అవతల ఏదో ఊరు, మూడు దీపాలు.
అందులో ఒకటి ఆగి ఆగి మిణుకుమంటోంది,
కార్డులో ఇంకా ఏదో ఉందో,
అక్కడి కరెంటే అంతో.
"దాన్ని కూడా చూస్తానుండు" అని మౌసు అందుకోబోయాను.

"వద్దులే అన్నా, ఉండనీ" అన్నాడు.
లారీని పక్కకి తీసి ఇంజను ఆపాడు.
షట్టరు కిందనుంచి వంగి బయటికెళ్ళి,
చొక్కా విప్పి,
నాలుగో లైన్లో రెండుసార్లు గట్టిగా దులిపి
వచ్చి కూర్చున్నాడు.