ఆఖరి సీటు దాకా

షన్నా రేవులో ఫెర్రీ ఎక్కిస్తాంటే
టికెట్టు కుర్రోడు నవ్వినాడు:
"స్కూలు బస్సుకు దీవిలో ఏం పని?"
పసుపు రంగు ఇంకా గీకించలేదు మరి.
తుక్కు కింద పోయేదాన్ని
నాలుగు నెలల జీతం పెట్టి నేనే కొన్నా.

సీట్లు పీకి మంచం వేసినా.
గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, చింతపండు డబ్బా.
ఆఖరి వరుస మాత్రం ఉంచినా.
ఎందుకని హుసేనమ్మ అడగలేదు.

మసీరా చుట్టూ ఒకటే రోడ్డు.
హిల్ఫ్‌లో డీజిలు పట్టించుకుని
ఎటు తిప్పినా మళ్లీ హిల్ఫే.
మస్కట్‌లో నాది పంతొమ్మిదేండ్లు ఒకటే రూటు,
పద్నాలుగు స్టాపులు,
నిమిషం ఆలస్యమైతే పద్నాలుగు ఫోన్లు.
ఇక్కడ స్టాపే లేదు.
మొదటి రోజు ఎక్కడ నిలపాలో తెలీక
నలభై కిలోమీటర్లు ఊరికే తోలినా,
"దప్పికైతాంది, ఆపుతావా లేదా" అని ఆమె అరిచేదాకా.

పడమటి కడలు చదును, అద్దం మాదిరి,
సన్నకాళ్ల గులాబి కొంగలు దాంట్లో నిలబడి
తమ నీడలనే పొడుచుకుంటాన్నాయి.
తూర్పున జూలై గాలి.
అగ్గిపెట్టె అయిపోయింది గానీ పొయ్యి వెలగలేదు.
వెలిగినాక పప్పులో ఇసుక.
"వేరుశనగ పొడి అనుకుని మింగు" అనింది.

ఒకే దేశంలో పదకొండేండ్లు ఉన్నాం మేం.
సీబ్‌లో ఒక దొరసాని వంటింట్లో ఆమె,
రువీలో ఆరు మంచాల గదిలో నేను,
శుక్రవారం సాయంత్రాలు మాత్రం కాపురం.
ఇప్పుడు రాత్రి పక్కన ఎవరో కదిలితే
ఇద్దరం ఉలిక్కిపడి లేస్తాన్నాం.

మూడోనాడు హమూద్ అనే ముసలి జాలరి
వంజరం ముక్క తెచ్చి, టీ తాగి, కదల్లేదు.
ఆమెకొచ్చింది వంటింటి అరబ్బీ:
ఉప్పు, కత్తి, తొందరగా, చాలు.
ఆ నాలుగు మాటలతోనే గంటసేపు ముచ్చట పెట్టినారు.
నేను ఇసుకలో టైరు జాడ చూస్తాన్నా.
ట్రాక్టరుది. సముద్రంలోంచి వచ్చి
గుంతదాకా పోయి, సముద్రంలోకే దిగింది.
ఏ డ్రైవరు ఇట్లా తోలేది?
హమూద్ రెండు అరచేతులూ బోర్లించి
వీపు మీద పెట్టుకుని నడిచి చూపించినాడు.
తాబేలు.

ఆ రాత్రి బస్సులో బల్బు వేసుకుని
ఆమె నా చొక్కాకు గుండీ కుడతాంది.
మెట్ల కాడ గరగర.
ఎలక అనుకున్నా.
అరచేతిలో సగం లేవు, తడి ఇసుక మెత్తుకుని,
మెట్టు ఎక్కలేక జారి, మళ్లీ ఎక్కబోయి,
ఇంకా వస్తాన్నాయి గట్టు మీద నుంచి,
సముద్రానికి వీపు పెట్టి
నా పసుపు బస్సు దిక్కు.

బల్బు ఆర్పినా. అద్దాల మీద దుప్పట్లు కట్టినా.
ఎత్తి తిప్పకూడదేమో, తెలీదు,
దారి వదిలి నిలబడినా.
చీకట్లో కాసేపు అట్లే ఉండి
అలల తెల్లటి గీత కనిపించిందేమో
ఒక్కొక్కటీ తిరిగినాయి.
నోరు దానంతట అదే లెక్క పెట్టింది.
ఇరవై మూడు. ఇరవై నాలుగు. దిగినాయి.

సంతకం చేసే రిజిస్టరు లేదు ఇక్కడ.
అయినా బోర్లా పడుకుని నాలుగు టైర్ల కిందా తడిమినా.
వెనక చక్రం నీడలో ఇంకొకటి,
కాళ్లాడిస్తా, ఎటూ పోకుండా.
దాని ముందు ఇసుక చదును చేసి కూర్చున్నా
చాలాసేపు.

పోయింది.

బస్సెక్కి, అలవాటు కదా,
చేత్తో సీట్లు వెతుక్కుంటా వెనక్కి నడిచినా.
నిద్రపోయి మిగిలిపోయిన పిల్లోడు ఎండలో ఏమైతాడో
ప్రతి డ్రైవరుకూ తెలుసు.
ఒక్కనాడు కూడా చూడకుండా తలుపేయలేదు నేను.

ఆఖరి సీట్లో హుసేనమ్మ,
సూది చొక్కాకే గుచ్చి, ముడుచుకుని, గురక.
లేపలేదు.
సూది మాత్రం తీసి
నా కాలరుకు గుచ్చుకున్నా.