పదమూడో రీలు

ఒక్క ప్రింటు, రెండు హాళ్ళు.
కొత్తరోడ్డులో చంద్రమహల్, అల్లిపురంలో మోహినీ టాకీస్.
మధ్యలో నేనూ, బ్రేకుల్లేని నా సైకిలూ.
అక్కడ తిరిగిన రీలు వేడి చల్లారకముందే
ఇక్కడ ఎక్కాలి.
అల్లిపురంలో హీరో ఇంకా పుట్టనే లేదు,
కొత్తరోడ్డులో అప్పటికే జైలుకెళ్ళిపోయేవాడు.
నా కేరియరు మీద, రేకు డబ్బాలో
అతని యవ్వనమంతా గడగడలాడుతూ వచ్చేది.

పన్నెండేళ్ళు నాకు. ట్రిప్పుకి పావలా.
ఒక్క సినిమా కూడా మొదట్నుంచి చివరిదాకా చూడలేదు.
నాకు తెలిసిన కథలన్నీ
తలుపు సందులోంచి కారినవే.

మోహినీ వెనక సందులో
ఉచ్చగోడ మీద పోస్టరు, పోస్టరు మీద పోస్టరు,
కాగితమే గోడకంటే మందం.
సారాకొట్టు. వేయించిన నెత్తళ్ళు.
పైన నాలుగు గదుల లాడ్జి,
బోర్డు మీద మాత్రం ‘శాకాహారులకు ప్రత్యేకం’.
ఓడ దిగినవాళ్ళు తెల్లబట్టల్లో వచ్చి
మూడు ముక్కలాటలో చేతివాచీ పోగొట్టుకుని
మాకర్థంకాని భాషలో పాడుకుంటూ పోయేవారు.
హార్బరు వైపునుంచి ఎర్రదుమ్ము లేచి
బుట్టలో మల్లెల మీద వాలేది.
ఇంటర్వెల్ గంట మాకోసమే అనుకునేవాళ్ళం.
లాడ్జి కిటికీలో పుణ్యవతి
ఆ గంటకే పౌడరు అద్దుకునేది.

దాలమ్మ బ్లాకులో టికెట్లమ్మేది.
బొడ్డు దగ్గర మడతలో గులాబీరంగు కట్ట,
నిప్పు లోపలికి పెట్టిన అడ్డపొగ చుట్ట.
పెదాలు కదపకుండా అనేది,
“నేల రూపాయి, బెంచీ రెండు.”
ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో
పక్కన నిలబడ్డ పోలీసుకి కూడా తెలిసేది కాదు.
తెలిసేదేలెండి. వారానికింత ఇచ్చేది.
ఆ వారం ఇవ్వనట్టుంది.

పదమూడో రీలు తెస్తున్నాను.
సందు మొగలో జీపు.
దాలమ్మ జుట్టు కానిస్టేబులు పిడికిట్లో ఉంది.
నన్ను చూసింది. ఏమీ అనలేదు.
కాలితో చిన్న మూట ఒకటి నా వైపు జరిపింది,
ఇసకలో పీత జరిగినట్టు.
డబ్బా మూత తీసి, రీలు మీద పెట్టి,
తొక్కాను.

హాల్లో తెరంతా తెల్లగా వెలుగు, అందులో దోమలు.
ఈలలు. ఆపరేటరు జకరయ్య తల్లికీ చెల్లికీ దండకాలు.
ఎవడో కుర్చీ లేపాడు.
జకరయ్య ఒక చేత్తో నా చెవి మెలేసి
ఇంకో చేత్తో రీలెక్కించాడు.
హీరోయిన్ ఏడుపు అందుకుంది.
అందరూ బుద్ధిగా కూర్చున్నారు.

పదకొండు టికెట్లు, రెండో ఆటవి.
పది నేనే అమ్మాను.
పెదాలు కదపకుండా, “నేల రూపాయిన్నర.”
ఆ శాకాహార లాడ్జి కిందే వేటమాంసం తిన్నాను.
సైకిలు సూరప్పడికిచ్చి
పదకొండో టికెట్టుతో నేలలో కూర్చుని
జీవితంలో మొదటిసారి ఒక సినిమా పూర్తిగా చూశాను.
బాగాలేదు.
తలుపు సందులోంచే నయం.

నాలుగో రోజు దాలమ్మ వచ్చింది. మణికట్టు వాచి ఉంది.
“ఏటిరా గుంటా, నా టికెట్లేవి?”
“పోలీసోలు అట్టుకుపోనారే.”
చుట్ట తీసి, ఉమ్మేసి,
చాలాసేపు చూసింది నన్ను.
“పోన్లే. సినిమా బాగున్నాదేటి?”

మోహినీ ఉన్నచోట ఇప్పుడు కార్లు పెడుతున్నారు, గంటకి ముప్పై.
మొన్న మనవరాలు నన్నొక మాల్‌కి తీసుకెళ్ళింది.
వెనక్కి వాలే కుర్చీ. చలి.
రీలు ఆగదు. ఎవడూ ఎవణ్ణీ తిట్టడు.
సగంలో లేచి బయటికొచ్చి
వెనకవైపు సందేమైనా ఉందేమోనని వెతికాను.
ఏసీ మిషన్లు, గుడ్డి లైటు, ఒక వాచ్‌మన్.
“ఏం కావాలి సార్?”
కట్ట ఇచ్చేయాలి, దాలమ్మ ఎక్కడ, అని నోటిదాకా వచ్చింది.
పెదాలు కదల్లేదు.
బాత్రూం ఎటని అడిగాను.