తప్పొప్పుల పట్టిక

తిరువాన్మియూరు దాటకముందే ఎత్తిరాజులుకి కునుకు పట్టింది.
కిటికీ సీటు నాకే వదిలాడు,
"నువ్వు చూడు అలివేలూ, వెతకడం నీ పని" అని.

రాయపేట ప్రెస్సులో ఇరవై ఆరేళ్ళు
అతను అక్షరాలు పేర్చాడు, నేను ప్రూఫులు దిద్దాను.
ఏటా చలికాలం ముందు అదే కరపత్రం:
తీరం వెంట కోటలు, ఒక్కరోజు విహారం.
తెలుగు యాత్రికుల కోసం, మూడు మడతలు, నీలం సిరా.
గంభీరమైన బురుజులు. వెండి కెరటాలు. మధ్యాహ్న భోజనం ఉచితం.
ఆ వెండి కెరటాల వెనక చుక్క పెట్టింది నేనే.
బస్సు మాత్రం ఎన్నడూ ఎక్కలేదు.

ముట్టుకాడు దగ్గర నీళ్ళు వెడల్పయ్యాయి.
మార్జిను వదిలినట్టు కొంచెం ఇసుక,
దాని పక్కన ఎవరూ దిద్దని సముద్రం.
కోవళంలో గైడు మైకందుకున్నాడు:
"కుడివైపు... కాదు, ఎడమవైపు... పాత కోట ఉండేది."
ఉండేది.
ఆ క్రియ మా కరపత్రంలో ఒక్కచోటా లేదు.

సదురంగపట్టణం కోటకి తాళం.
కాపలా మనిషి టీకి వెళ్ళాడట, ఇరవై నిమిషాలు.
ముందు సీటు విజయవాడ పిల్లలు చిప్స్ పొట్లం చింపారు.
వాళ్ళమ్మ దూరాన అణు కేంద్రం గుమ్మటం చూసి
"అదేనా కోట?" అంది.
నేనొక్కదాన్నే నవ్వాను.

లోపల డచ్చివాళ్ళ సమాధులు.
రాతి మీద తీగలు, పూలు, చుట్టూ గుండ్రంగా అక్షరాలు.
ఎత్తిరాజులు వంగి వేలితో తడిమాడు.
జీవితమంతా తిరగేసిన అక్షరాలు చదివిన వేలు
తిన్నగా ఉన్నదాని దగ్గర తడబడింది.
"ఎవడో గాని బాగా చెక్కాడు. ఎడం చూడు, ఎంత సమంగా వదిలాడో!"
పడుకున్నవాడి పేరు మాత్రం అడగలేదు.

భోజనం ఉచితం కాదు, నూట అరవై. సాంబారు చల్లారింది.

ఆ తర్వాత ఉప్పుమళ్ళు, సరుగుడు తోపులు,
అలంపరై.
నాలుగువైపులా ప్రాకారం అని అచ్చేశాం.
సముద్రం వైపు గోడ నీళ్ళలోకి దిగిపోయి ఉంది,
సన్నటి ఇటుకలు
చెయ్యి జారిన అరలోంచి ఒలికిన టైపుల్లా.
సునామీకి కొంత, అంతకుముందే కొంత అన్నాడు
పడవ ఎక్కమని వెంటపడ్డ కుర్రాడు, తమిళంలో.

నాకు ఎనభై ఏడో సంవత్సరం గుర్తొచ్చింది.
రాత్రి షిఫ్టు, కరెంటు వస్తూ పోతూ.
ట గడిలో ఎవరో త పడేశారు.
అలంపరై కోట అని ఉండాల్సిన చోట
అలంపరై కోత.
నాలుగు వేల కాపీలు బైటికెళ్ళాక మేనేజరు చూశాడు.
ఆ నెల ఎత్తిరాజులు జీతంలో పడింది కోత.
అతనికి అప్పుడు కొత్తగా పెళ్ళయింది, రెండు పూటలా
మజ్జిగన్నం తెచ్చుకునేవాడు. నేను చూస్తూ తిన్నాను.

"ఆ ప్రూఫు మీద సంతకం నాది," అన్నాను
చెప్పుల్లో ఇసుక దులుపుతూ, అతని ముఖం చూడకుండా.

అల ఒకటి వచ్చి ఒక ఇటుకని పక్కకి తిప్పి పోయింది.
ఇంకొకటి వచ్చి దాన్ని అలాగే ఉంచింది.

"నా వేలికి తెలియాల్సింది," అన్నాడు చాలాసేపటికి.
"త మీద తలకట్టుంటుంది. ట మీద ఉండదు."
మళ్ళీ గోడకేసి చూశాడు. పైన ఏమీ లేని గోడ.
ఏదో అనబోయాడు. డ్రైవరు హారను కొట్టాడు.

తిరుగు దారిలో అతను మళ్ళీ నిద్రపోయాడు,
తల నా భుజం మీదికి జారితే జరగలేదు నేను.
బస్సులో పంచిన కొత్త కరపత్రం, రంగుల్లో, నున్నగా.
మొదటి మడతలోనే పదకొండు తప్పులు.
సంచిలోంచి ఎర్రకలం తీసి
మహాబలిపురం దీపస్తంభం దాకా దిద్దాను.
కోట అన్న మాట దగ్గర ఆగాను, రెండుసార్లు.
ఆ తర్వాత వెలుతురు చాలలేదు.