వెనక దిక్కు

నన్ను పార్కుల మాలి పనికి పెట్టుకున్న ఏడే
కరీంనగర్ దిక్కు నుంచి లారీల వచ్చింది ఆ రాయి.
క్రేను దించుతుంటె గడ్డి మీద నిలబడి చూసిన –
నల్లగ, వానకు తడిసిన బర్రె లెక్క.

హన్మకొండల పదిహేను రోజులు శిల్పుల క్యాంపు.
గ్రైండర్ల మోతకు పొద్దటి నడకోళ్లు
చెవులల్ల దూది పెట్టుకొని తిరిగిన్రు.
నాకా మోత కొత్తనా?
పదకొండేండ్లు క్వారీల డ్రిల్లు పట్టినోన్ని.
ఇప్పటికి గూడ దగ్గు వస్తె
ముందుగాల రుమాలు జూసుకుంట.

సుచరిత అని ఒక పిల్ల,
జుట్టు నిండ రాతి పిండి.
ఆ రాయిల నుంచి తల దువ్వుకునే ఆడామెను తీసింది.
దువ్వెన లేదు,
చెయ్యి లేసిన తీరుకే ఉన్నట్టు తెలుస్తది.

వెనక దిక్కు మాత్రం చెక్కలె.
"గిదెందుకు ఇడిసినవ్ బిడ్డా?"
"టైం అయిపోయింది తాతా" అని నవ్వింది.
కొంచెం ఆగి,
"ఆ గీతలు మంచిగనిపించినయి" అన్నది.

గీతలు!
జానెడుకొకటి, నిలువున దిగిన డ్రిల్లు కాలువలు.
ఆరోది వంకర.
ఎండకు కండ్లు తిరిగి నా రాడ్డు గూడ ఒకనాడు జారింది,
మేస్త్రి సగం కూలి కోసిండు.
గా రాయే ఇదా? కాకపోవచ్చు.
ఎన్ని క్వారీలు, ఎన్ని వంకరలు.
అయినా అందరు పోయినంక
వేలు పెట్టి చూసిన.

ముట్టరాదని బోర్డు రాసిన్రు.
ముట్టి ముట్టి ఆమె మోకాలు అద్దమైంది.
పోరగాండ్లు ఒడిల కూసుంటరు,
బఠానీలమ్మే ఎల్లమ్మ ఆమె పాదాల కాడ
చిల్లర లెక్కవెట్టుకుంటది.
వెనకకు ఎవరు రారు.

ఒకసారి ఖిలకు పోయిన.
గడ్డి మీద ముక్కలై పడ్డ ఏనుగులు, హంసలు.
అందరు ముందట ఫోటోలు దిగుతున్నరు,
నేను ఒంగి వెనక చూసిన.
ఉలి దెబ్బలు, ఒకటి లోతు, ఒకటి తేలిక.
అది కొట్టినోడు ఆ పూట తిన్నడో లేదో.

"వెనక ఆగం ఆగం కొడుతున్నది,
క్రోటన్లు పెట్టు, నడుమెత్తు లేవాలె" అన్నడు సూపర్వైజర్ సార్.
పెట్టిన.
ఆయితారం ఆయితారం కత్తెర పడుతున్న.
ఏడాదైనా మడిమ దాటలె.
"ఎందుకు పెరుగుతలేవయా?"
"మట్టిల సున్నముంది సార్."

మొన్నటి వానకు
ఆ వంకర కాలువ అడుగున, రాడ్డు ఆగిన కాడ,
గిన్నెంత గుంటల నీళ్లు నిలిచినయి.
గోరువంకొకటి వాలి ముక్కు ముంచింది.
ఇప్పుడు గడ్డికి పైపు పట్టినప్పుడల్ల
ముందుగాల అటు తిప్పుత.